ఉన్నత పాఠశాలలలో విద్యార్థుల యోగక్షేమములు

ప్రతి సంవత్సరమును పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడగనే మన పట్టణములలో ఒక సందడి బయలుదేరును. ఎక్కువ మార్కులు వచ్చిన బాలబాలికల ఛాయాపటములు నిలువెత్తు ఫ్లెక్సీలపై కూడళ్లలో వ్రేలాడును. ఉత్తీర్ణులు నూటికి ఎందరు, జిల్లాకు ఏ స్థానము వచ్చినది అను లెక్కలు పత్రికలలో పడును. ఇవి సంతోషింపదగినవే, మేము కాదనము. కాని ఆ లెక్కలలో చేరని లెక్క మరియొకటి కలదు. ఎనిమిదవ తరగతిలో పేరుండి, పదవ తరగతి పరీక్షకు రాకమునుపే బడి విడిచినవారెందరు? బడిలోనే యుండియు, ఎవరితోను చెప్పుకొనలేని దుఃఖముతో లోలోపల క్రుంగుచున్నవారెందరు? వారి పేర్లు చెప్పగలిగిన యుపాధ్యాయుడు బడికొక్కడైనను కలడా? ఈ ప్రశ్నలను మా పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

బడి యనగా పాఠములు చెప్పు చోటు మాత్రమే కాదు. పదియేండ్లు మొదలు పదునారేండ్ల వరకు, బాల్యము పోయి యౌవనము పొడసూపు కాలమున, బిడ్డ మెలకువగా నుండు గంటలలో పెక్కు భాగము అచటనే గడచుచున్నది. ఆ బిడ్డకు పుస్తకములున్నవా, మధ్యాహ్నపు భోజనము దొరికినదా, గణితము వచ్చినదా యని అడుగుటకు మనుష్యులున్నారు, పట్టికలున్నవి. కాని, “నాయనా, నీవెట్లున్నావు? మూడు దినములనుండి మొగము వాడియున్నదేమి?” అని అడుగుటకు నియమింపబడినవాడెవడు? అడుగువారు లేకపోలేదు, దయగల యుపాధ్యాయులు ప్రతి బడిలోను ఉన్నారు. ఐనను అది వారి దయ. బడి యొక్క నియమము కాదు. ఆ దయగల గురువు బదిలీయై పోయిన నాడు ఆ బిడ్డకు దిక్కులేదు. దయపై నడచుదానిని విధిగా మార్చవలయునన్నదే మా వాదము.

ప్రజ్ఞాపురమునే చూడుడు. హైదరాబాదునుండి సిద్దిపేట, కరీంనగరములకు పోవు రాజీవ్ రహదారిమీద నున్న ఈ యూరు నేడు గజ్వేలుతో కలిసి ఒకే పురపాలక సంఘమైనది. చుట్టుప్రక్కల పల్లెలనుండి బస్సులలోను, ఆటోలలోను, సైకిళ్లమీదను పిల్లలు చదువులకై ఇచటికి వచ్చుచున్నారు. ఇటీవలి సంవత్సరములలో గజ్వేలున విద్యాలయములకును వసతిగృహములకును పెద్ద భవనములు వెలసినవి. కట్టడములకు కొదువలేదు. కాని కట్టడము ఎంత పెద్దదైన అందలి బిడ్డ అంత చిన్నవాడగుననుట మరువరాదు. నూరుమంది చదువు పల్లెబడిలో పంతులుగారికి ప్రతి బిడ్డ యిల్లును, ఇంటి కష్టమును తెలియును. వేయిమంది చదువుచోట బిడ్డ వరుస సంఖ్యగా మారును.

ఇంతేకాదు. ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన కారణము మరియొకటి కలదు. మల్లన్నసాగర జలాశయము 2022 ఫిబ్రవరి 23వ తేదీన ప్రారంభింపబడినది. దాని క్రింద వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపురము మొదలగు గ్రామములు మునిగిపోయినవి. ఆ యూళ్ల కుటుంబములు పెక్కు గజ్వేలు శివారున కట్టిన పునరావాస గృహములకు వచ్చి చేరినవి. నష్టపరిహారపు లెక్కలమీద వాదములు నడచినవి, నడచుచున్నవి. అవి ఈ వ్యాసమునకు విషయము కావు. మేము చెప్పునది వేరు. నాడు చిన్న తరగతులలో నుండి, తమ యూరి బడిని, చెరువుగట్టును, గుడిని, తాతల సమాధులను విడిచి వచ్చిన బిడ్డలు నేడు ఉన్నత పాఠశాలలలో నున్నారు. భూమికి వెల కట్టిరి. ఇంటికి వెల కట్టిరి. వేపచెట్టుకును వెల కట్టిరి. కాని “మా యూరు ఏది?” అని అడుగు పండ్రెండేండ్ల బిడ్డ మనస్సులోని వెలితిని ఎవరు లెక్కకట్టిరి? ఆ బిడ్డ తరగతిలో వెనుక బల్లమీద మౌనముగా కూర్చున్నచో, మందబుద్ధియని వ్రాసికొందుమా, ఊరు పోగొట్టుకొన్నవాడని తెలిసికొందుమా? తెలిసికొనుటకు అడిగెడివాడు కావలయును గదా!

న్యాయవాద వృత్తిలో నున్న మాకు ఈ విషయమున చట్టపు కోణము ముందుగ తోచును. దానిని మా పాఠకులకు తేటపరచుట మా విధి.

2009వ సంవత్సరపు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అది ఆరవ యేటనుండి పదునాలుగవ యేటి వరకు గల బాలబాలికలకు వర్తించును. ఆ వయస్సులోని బిడ్డ బడిలో చేరునట్లును, హాజరగునట్లును, ప్రాథమిక విద్య ముగించునట్లును చూచుట ప్రభుత్వపు విధి. ఆ చట్టపు 17వ విభాగము బిడ్డను కొట్టుటను, మానసికముగ హింసించుటను నిషేధించినది. చాల మంచిది. కాని ఎనిమిదవ తరగతి దాటి, పదునాలుగేండ్లు నిండిన మరునాడు ఆ చట్టపు నీడ తొలగిపోవును.

ఇక బాలకార్మిక చట్టమును చూడుడు. 2016లో జరిగిన సవరణ ప్రకారము పదునాలుగేండ్ల లోపు బిడ్డలను పనిలో పెట్టుకొనరాదు. ఇంటి పనికి, కుటుంబపు వృత్తికి బడివేళలు కాని సమయమున కొంత మినహాయింపు కలదు. పదునాలుగు మొదలు పదునెనిమిది వరకు గలవారికో, నిషేధము అపాయకరములైన పనులకు మాత్రమే. పత్తి ఏరుటకు పదునైదేండ్ల బాలికను కూలికి పిలుచుకొని పోవుటకు సాధారణముగ ఈ చట్టము అడ్డురాదు.

ఈ రెండు చట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఏమి కనిపించుచున్నది? సరిగా పదునాలుగవ యేట, బిడ్డ తొమ్మిదవ తరగతి గడప త్రొక్కువేళ, ఒక చట్టము చేయి వదలుచున్నది. రెండవ చట్టము పట్టు సడలించుచున్నది. అదే యీడున శరీరమున మార్పులు వచ్చును; మనస్సున కలవరము పుట్టును. ఎదుట పదవ తరగతి సర్కారు పరీక్ష నిలుచును. ఆడపిల్లయైనచో ఇంట పెండ్లిమాటలు మొదలగును. ఎప్పుడు తోడు ఎక్కువ కావలయునో అప్పుడే తోడు తగ్గుచున్నది. 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టము ఉన్నది. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట నేరము. కాని పెండ్లి పందిరి వేసిన తరువాత పోలీసులు వచ్చుట కన్న, మూడు మాసములకు ముందే బడిలో నొక యుపాధ్యాయిని ఆ బాలిక మొగము చూచి గ్రహించుట వేయిరెట్లు మేలు. న్యాయస్థానమునకు కథ ముగిసిన తరువాతనే కాగితము వచ్చును. బడికి కథ మొదలగునప్పుడే తెలియగలదు.

కార్తీక మాసపు దినములలో మా ప్రాంతపు ఏ తొమ్మిదవ తరగతి హాజరుపట్టికనైనను తీసి చూడుడు. పత్తి ఏరు దినములలో కొన్ని పేర్లకెదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులుండును. నేడు ముఖమును గుర్తుపట్టి హాజరు వేయు పరికరములు కూడ సర్కారు బడులలోనికి వచ్చినవి. బిడ్డ రాలేదని యంత్రము చెప్పును. ఏల రాలేదో చెప్పదు. తల్లికి జబ్బుచేసి తమ్ముని చూచుకొనుచున్నదా? ఇంట తాగుబోతు తండ్రి కొట్టుచున్నాడా? దారిలో ఆకతాయిలు వెంటబడుచున్నారా? నెలసరి దినములలో బడిలో తగిన మరుగుదొడ్డి లేదా? ఉపాధ్యాయుడు తరగతిలో అందరి యెదుట మూర్ఖుడనెనా? ఇందొక్కొక్క దానికి ఒక్కొక్క చికిత్స. కారణమడుగని హాజరుపట్టిక, నాడి చూడని వైద్యుని చీటీ వంటిది.

ఈ నిర్లక్ష్యమునకు కలుగు ఫలితము ఎంత భయంకరమో జాతీయ నేర గణాంక సంస్థవారి 2022వ సంవత్సరపు లెక్కలు చెప్పుచున్నవి. ఆ యొక్క యేట మన దేశమున 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. అందు 2,248 మరణములకు పరీక్షలలో తప్పుటయే కారణమని వ్రాయబడినది. పరీక్ష తప్పుటవలన పోయిన ప్రాణములే మన హృదయమును కలచివేయును. కాని తక్కిన పదివేలకు పైబడిన వారి మాటయేమి? వారి దుఃఖము మార్కుల చిట్టాలో కనబడునది కాదు. మార్కులు మాత్రమే చూచు బడి, మంచి మార్కులు తెచ్చుకొనుచున్న బిడ్డ దుఃఖమును ఎన్నటికిని చూడజాలదు.

విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన పదునేడేండ్ల బాలిక 2023 జూలైలో మరణించెను. ఆమె తండ్రి న్యాయమునకై సుప్రీంకోర్టు వరకు పోయెను. ఆ వ్యాజ్యమున న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా గారలు 2025 జూలై 25వ తేదీన ఇచ్చిన తీర్పు ప్రతి తల్లిదండ్రియు చదువదగినది. శాసనసభలు చట్టము చేయువరకు దేశమంతట అమలుకావలసిన పదునైదు నిర్దేశములను అందు పొందుపరచిరి. అవి కళాశాలలకు, శిక్షణాలయములకు మాత్రమే కాదు. పాఠశాలలకును, వసతిగృహములకును వర్తించును. నూరుమంది గాని అంతకు పైబడి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాలయమున శిక్షణపొందిన మానసిక సలహాదారుని గాని, మనస్తత్వజ్ఞుని గాని, సాంఘిక సేవకుని గాని కనీసము ఒక్కరిని నియమింపవలయును. అంతకన్న చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసికొనవలయును. ఉపాధ్యాయులకును సిబ్బందికిని ఏడాదికి రెండుసార్లు తక్కువ కాకుండ ఈ విషయమున శిక్షణ ఇయ్యవలయును. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు జట్లుగ విడదీయుట, అందరి యెదుట అవమానించుట కూడదు. జిల్లాధికారి యధ్యక్షతన పర్యవేక్షణ సంఘములు ఏర్పడవలయును.

ఈ నిర్దేశములలో మాకు మిక్కిలి ముఖ్యముగ తోచినది ఒకటి కలదు. విద్యార్థులను చిన్నచిన్న బృందములుగ చేసి, ఒక్కొక్క బృందమునకు ఒక సలహాదారును గాని మార్గదర్శిని గాని అప్పగింపవలయుననియు, ముఖ్యముగ పరీక్షల దినములలోను, ఒక తరగతినుండి మరియొక దశకు మారునప్పుడును వారు తోడుగ నుండవలయుననియు న్యాయస్థానము చెప్పినది. మేము పైన చెప్పిన విధి యిదే. ప్రతి బిడ్డకును పేరుపెట్టి చెప్పదగిన ఒక పెద్ద దిక్కు బడిలో నుండవలయును.

ఇది పరాయి దేశపు వింత యని యెవరైన నందురేమో. కాదు. తెలుగునాట విద్య పెరిగిన చరిత్రలో వసతిగృహములకు గల స్థానము మా పాఠకులెరుగనిది కాదు. నిజాం రాజ్యమున పల్లెటూళ్ల తెలుగు బాలురు హైదరాబాదు నగరమునకు చదువులకు పోయినప్పుడు, అచటి బోధనభాష వారికి పరాయిది, నగరము పరాయిది, తిండియు పరాయిది. 1918లో రాజబహద్దరు వేంకటరామారెడ్డి గారి పూనికతో వెలసిన రెడ్డి వసతిగృహము అట్టి బాలురకు అన్నము పెట్టుటయే కాక అండగ నిలిచినది. గోలకొండ పత్రిక స్థాపకులైన సురవరము ప్రతాపరెడ్డి గారు కొంతకాలము ఆ వసతిగృహపు బాధ్యతలు వహించిరి. అంతటి పండితునికి కుర్రవాండ్ర యోగక్షేమములు చూచుట చిన్నపనిగా తోచలేదు.

తరువాతి కాలమున 1971లో పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు సర్వేలున మొదటి ప్రభుత్వ గురుకుల విద్యాలయము వెలసినది. గురువులును శిష్యులును ఒకేచోట నివసించినచో చదువుతోపాటు నడవడియు పెరుగునన్నది గురుకులమను పేరులోనే యున్నది. నేడు తెలంగాణమున గురుకులముల సంఖ్య వందలకు పెరిగినది. సంఖ్య పెరిగిన కొలది పేరులోని అర్థము తరుగకుండ చూచుకొనుట మన బాధ్యత.

మరియొక నిదర్శనము మా పొరుగుననే యున్నది. వర్గల్లునందలి జవహర్ నవోదయ విద్యాలయము మన సిద్దిపేట జిల్లాలోనిదే. దేశమందలి నవోదయ విద్యాలయములన్నిటివలెనే అందును విద్యార్థులను అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి యను నాలుగు కుటీరములుగ విభజింతురు. ఒక్కొక్క దానికి బాధ్యులైన యుపాధ్యాయులుందురు. పై తరగతి విద్యార్థి క్రింది తరగతివానిని కనిపెట్టియుండును. ఈ పద్ధతికి మూలము ఇంగ్లండు దేశపు వసతి పాఠశాలలలో నున్నది. రగ్బీ పాఠశాలకు 1828 మొదలు 1842 వరకు ప్రధానాధ్యాపకుడైన టామస్ ఆర్నాల్డు పేరు ఆ సందర్భమున చెప్పబడును. అచట బెత్తమును, పెద్ద విద్యార్థుల పెత్తనమును కూడ నుండెను. అవి మనకు వలదు. మంచిని గ్రహించి చెడ్డను విడుచుట మనకు తెలియని విద్య కాదు. ఫిన్లండు దేశమువారు 2013లో విద్యార్థి సంక్షేమమునకై ప్రత్యేక చట్టమే చేసికొని, తరువాత దానికి లెక్కలు కూడ కట్టిరి. ఒక మనస్తత్వజ్ఞునికి 780 మంది, ఒక సాంఘిక సేవకునికి 670 మంది విద్యార్థులకు మించరాదని నిర్ణయించిరి. మన దేశము అంత ధనవంతము కాదు. కాని లెక్కకట్టుటకు ధనముతో పనిలేదు, సంకల్పముతో పని.

ఇక ఆక్షేపణలు. మా మిత్రులైన యుపాధ్యాయులు ముందుగనే అడుగుదురు: “మాకు తీరిక యేది? ఓటర్ల జాబితాలు మేమే, జనగణన మేమే, ఎన్నికలు మేమే. దినమునకు నాలుగు పట్టికలు ఫోనులలో నింపవలయును. దీనిని గూడ మా తలపై పెట్టెదరా?” ఈ మాట నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. పంతులును గుమాస్తాగ మార్చి, తరువాత గురువు కాలేదని నిందించుట అన్యాయము. కావున ఈ పనిని కొత్త భారముగ గాక, పాత భారమును దించి ఇయ్యవలయును. వారమునకొక పాఠపు గంట కాలపట్టికలోనే దీనికై కేటాయింపవలయును. ఇరువదియైదు ముప్పదిమంది పిల్లలు గల బృందమైనచో, ఆ గంటలో కొందరితోనైనను విడిగా మాటలాడవచ్చును. మాసము తిరుగునప్పటికి అందరి మంచిచెడ్డలు తెలియును.

“పిల్లల మనస్సు చూచుట తల్లిదండ్రుల పని గదా” అని మరికొందరందురు. నిజమే. కాని తెల్లవారకముందే కూలికి పోయి చీకటిపడిన తరువాత వచ్చు తల్లికి, పొట్టచేత పట్టుకొని పరదేశము పోయిన తండ్రికి ఆ తీరిక యెట్లు కలుగును? మరియు కొన్ని బాధలు ఇంటిలోనే పుట్టునవి. వాటిని ఇంటిలో చెప్పుకొమ్మనుట, పాము కరచినవానిని పుట్టయొద్దకు పొమ్మనుట వంటిది.

“మా కాలమున బెత్తముతోనే చదువు వచ్చినది, ఇంత ముద్దు చేసినచో పిల్లలు చెడిపోదురు” అను పెద్దలును కలరు. వారికి మా సమాధానమిది. మేము ముద్దు చేయుమనుటలేదు, తెలిసికొనుమనుచున్నాము. రేపు తనను పిలిచి “నిన్న ఏల రాలేదు?” అని నిదానముగ అడుగువాడొకడున్నాడని తెలిసిన బిడ్డ, బెత్తమునకు వెరచిన బిడ్డకన్న క్రమముగ నడచుకొనును. బెత్తపు దెబ్బకు వెరచి బడి మానినవాడు మరల రాడు. కారణమడిగి పిలిచినవాడు వచ్చును.

ఇంతకన్న బరువైన ఆక్షేపణ మరియొకటి కలదు. దానిని మేము తేలికగ త్రోసివేయము. బిడ్డ చెప్పిన రహస్యము ఉపాధ్యాయుల గదిలో కబుర్లకు విషయమగునేమో! కులము చూచి, ధనము చూచి పక్షపాతము జరుగునేమో! ఆదరణ పేరిట అక్రమము జరుగునేమో! ఈ భయములు నిరాధారములు కావు. అందుచేతనే దయతో పాటు నియమములు కావలయునని మేము మొదటినుండి చెప్పుచున్నాము. బాలికలకు ఉపాధ్యాయినులే ఈ బాధ్యత వహింపవలయును. మాటలు నలుగురికి కనబడు చోట, నలుగురికి వినబడని దూరమున జరుగవలయును. వ్రాతకెక్కించునది కొద్దిగా నుండి, తాళములో నుండవలయును. తనకు అప్పగింపబడిన పెద్దమీద నమ్మకము లేని బిడ్డ కారణము చెప్పనక్కరలేకుండ మరియొకరిని కోరుకొనుటకు వీలుండవలయును.

చట్టరీత్యా మరియొక్క హెచ్చరిక. “ఎవ్వరికిని చెప్పను” అని ఏ యుపాధ్యాయుడును బిడ్డకు మాట ఇయ్యరాదు. లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012వ సంవత్సరపు పోక్సో చట్టపు 19వ విభాగము ప్రకారము, అట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలసియున్నది. దాచిన యెడల 21వ విభాగము క్రింద శిక్ష కలదు. కావున “నీకు మేలు చేయగలవారికి మాత్రమే చెప్పెదను, చెప్పుటకు ముందు నీతో చెప్పెదను” అనుటయే సత్యమైన వాగ్దానము. బడి పరువు పోవునని ఇట్టివానిని కప్పిపుచ్చు యాజమాన్యములు తాము చేయునది నేరమని తెలిసికొనవలయును. పరువు దాచుటవలన నిలువదు. బిడ్డను కాపాడుటవలన నిలుచును.

చివరకు ధనమాట. ప్రతి బడికొక సలహాదారుని జీతమునకు సొమ్మేది యని అధికారులడుగుదురు. న్యాయస్థానపు నిర్దేశము నెరవేర్చుట దానధర్మము కాదని ముందుగ మనవి చేయుచున్నాము. ప్రభుత్వము బడ్జెటులో దీనికొక పద్దు తెరువక తప్పదు. కాని పద్దు తెరువబడువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. సంరక్షక బాధ్యత వహించు ఉపాధ్యాయునికి కొత్త జీతము కాదు, తగిన శిక్షణయు తీరికయు కావలయును. ఆయన చేతికి మించిన విషయము వచ్చినప్పుడు ఎచటికి పంపవలయునో ముందుగ వ్రాసి యుంచుకొన్న క్రమము కావలయును. ఆత్మహత్యా ప్రసంగము చేయు బిడ్డకు ఉపన్యాసమిచ్చి పంపుట కాదు, ఒంటరిగ విడువక వైద్యునియొద్దకు చేర్చుట ధర్మమని ప్రతి గురువునకు తెలిసియుండవలయును. 2022 అక్టోబరు 10వ తేదీన మొదలైన టెలి-మానస్ సేవ 14416 అను సంఖ్యపై ఉచితముగ సలహా ఇచ్చుచున్నది. బాలల రక్షణకు 1098 అను సంఖ్య కలదు. ఈ రెండు సంఖ్యలు ప్రతి బడి గోడమీదను, ప్రతి వసతిగృహపు గదిలోను పెద్ద అక్షరములలో వ్రాయించుటకు సున్నమును కుంచెయు చాలును.

కావున గజ్వేలు–ప్రజ్ఞాపుర పౌరుల ముందు మేముంచు సూచనలివి.

మొదటిది: పాఠశాలలు తెరచిన మొదటి మాసముననే ఆరు మొదలు పది తరగతుల వరకు గల ప్రతి విద్యార్థికిని ఒక సంరక్షకోపాధ్యాయుని పేరు నిర్ణయించి, ఆ పేరు తల్లిదండ్రులకు తెలియజేయవలయును.

రెండవది: వరుసగా మూడు దినములు రాని బిడ్డ యింటికి నాలుగవ నాడు మాట పోవలయును, వారము దాటినచో మనిషియే పోవలయును. తొమ్మిదవ తరగతికి ఈ నియమము మరింత కట్టుదిట్టముగ నుండవలయును. ఏలయన, అచటనే చట్టము చేయి వదలినదని పైన చూపితిమి.

మూడవది: ఊళ్లు మునిగి వచ్చిన కుటుంబముల పిల్లలను, వసతిగృహములలోని పిల్లలను, పని వెదకికొనుచు ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారి పిల్లలను ప్రత్యేకముగ కనిపెట్టియుండవలయును. అది వారిని వేరుచేసి చూపునట్లు గాక, వారికి తెలియకుండ జరుగవలయును.

నాలుగవది: సుప్రీంకోర్టు నిర్దేశముల ప్రకారము నియమింపవలసిన సలహాదారును నియమించితిరా, శిక్షణ జరిపితిరా, జిల్లా సంఘము ఎన్నిమారులు కూడినది అని పురపాలక సభ్యులును, తల్లిదండ్రుల సంఘములును వ్రాతమూలకముగ అడుగవలయును. సర్కారు బడినే కాదు, వేలకువేలు రుసుము తీసికొను ప్రైవేటు బడిని సైతము అడుగవలయును. సమాచారహక్కు చట్టము 2005నుండి మన చేతిలో నున్నది. సర్కారు కార్యాలయములనుండి లెక్కలు రాబట్టుటకు దానిని వాడుకొనవలయును.

ఐదవది మన పఠనమందిరములకు చెందినది. సాయంకాలములందు వార్తాపత్రికలు చదువుకొనుటకు కూడు పెద్దలారా! మీలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, వైద్యులున్నారు, వకీళ్లున్నారు. ఇంట దీపముండియు చదువుకొన చోటులేని పిల్లలకు ఆ మందిరమున ఒక బల్ల వేయుడు. బడి పెద్దల యనుమతితో, నియమములకు లోబడి, తలుపులు తెరచియుంచి వారికి తోడుండుడు. తీర్పులోని నిర్దేశములను తేట తెలుగున వ్రాయించి గోడకు తగిలింపుడు. ఒక ఆదివారమునాడు అందరు వినునట్లు చదువుడు. తెలియని హక్కు లేని హక్కుతో సమానము.

స్వరాజ్యము కొరకు పోరాడినవారు ఊరూర బడులను, గ్రంథాలయములను పెట్టిరి. చదువుకొన్న మనిషి తల యెత్తుకొని నిలుచునని వారి విశ్వాసము. నేడు బడులకు కొదువలేదు, చదువునకు కొదువలేదు. తల యెత్తుకొని నిలుచు బిడ్డలే తక్కువగుచున్నారు. ప్రజ్ఞ యను మాటకు బుద్ధి యని అర్థము చెప్పుదురు. ఎదుటి బిడ్డ మొగము చూచి దాని బాధ తెలిసికొనజాలని బుద్ధిని ప్రజ్ఞ యనుట యెట్లు? ఆ పేరు పెట్టుకొన్న పురమే ఈ పనికి ముందడుగు వేయునుగాక యని మేము కోరుచున్నాము. రాబోవు ఫలితముల దినమున మార్కుల లెక్కతో పాటు, “మా బడిలో ఈ యేడు మధ్యలో విడిచినవాడు ఒక్కడును లేడు, ఎవరు అడుగుటకు లేక దుఃఖించినవాడు ఒక్కడును లేడు” అని చెప్పగలిగిన ప్రధానోపాధ్యాయుని ఛాయాపటము కూడలిలో కట్టుటకు మన పౌరులు సిద్ధముగ నుందురుగాక.